లోకేశ్వరి రాసిన లెక్కల పరీక్ష

లోకేశ్వరి బడి మానేసింది భిన్నాల దెబ్బకేనని ఎగువకండ్రిగలో అందరికీ తెలుసు. ఎవురో చెప్పే పన్లేదు, ఆయమ్మే చెప్పుకొని నవ్వతాది. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారు బోర్డు మీద ఒక సమీకరణం రాసి, చెయ్యమని సుద్దముక్క చేతికిచ్చినాడు. ఒక ఎక్సు కింద రెండు, ఇంకో ఎక్సు కింద మూడు, మధ్యలో కూడిక, అవతల పది. ఈ పిల్ల బోర్డు ముందర నిలబడి నిలబడి, ఆఖరికి పైన ఎక్సూ ఎక్సూ కలిపింది, కింద రెండూ మూడూ కలిపి ఐదు వేసింది. క్లాసంతా గొల్లుమనింది. అయ్యవారు నవ్వలేదు గానీ, "నువ్వు పోయి ఆవుల్ని కాసుకోమ్మా" అన్నాడు. ఆ ఏడు లెక్కల్లో తప్పింది. మళ్ళా బడికి పోనని మొండికేస్తే ఇంట్లోవాళ్ళు పెద్దగా బలవంతం చెయ్యలేదు.

తర్వాత పెళ్ళయింది. మొగుడు గుణశేఖర్ మామిడికాయలు తోలే చిన్న లారీకి డ్రైవరు. కాపు కాలంలో తోటల నించి చిత్తూరు మండీలకూ గుజ్జు ఫ్యాక్టరీలకూ కాయలు తోల్తాడు, మిగతా కాలంలో ఇటుకో ఇసకో ఏది దొరికితే అది. మనిషి నెమ్మదస్తుడు. పవిత్ర అని ఒక కూతురు, ఇంటర్ చదవతా ఉండాది. లోకేశ్వరి ఊళ్ళోనే అంగన్‌వాడీలో ఆయా. పొద్దున్నే పిలకాయల్ని ఇండ్లకాడ నించి చేయి పట్టుకొని తెచ్చేది, పప్పు ఉడకేసేది, గుడ్లు వలిచి పెట్టేది, నిద్రపోయినోళ్ళకి చాప పరిచేది ఆయమ్మ పని. టీచరు కృపారాణి మీటింగులకని పోయిన రోజుల్లో పాటలు చెప్పేది, పలకల మీద అక్షరాలు దిద్దించేది కూడా ఆయమ్మే.

ఒకనాడు పిలకాయలు పడుకున్నాక కృపారాణి పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది. "లోకేశ్వరీ, నాకు దిగిపోయే వయసొచ్చె. పదో తరగతి పాసయిన ఆయా ఉంటే ఆమెనే టీచరుగా తీసుకుంటారు. యాడి నించో ఎవురో వచ్చి ఈ బిడ్డల పేర్లు నేర్చుకునేదానికంటే నువ్వుంటే మేలు గదా. ఓపెన్ స్కూల్లో పదికి ఫీజు కట్టు."

"మిగతావన్నీ ఎట్లనో చదివేస్తా టీచరమ్మా. లెక్కలు నావల్ల అయ్యేది కాదు."

"ప్రయత్నం చెయ్యకుండానే చెప్తావే."

"అప్పుడు చేసి చూసినాను గదా" అని నవ్వేసింది లోకేశ్వరి.

నవ్వేసింది గానీ ఆ మాట మనసులో నాటుకునింది. సంగటి కెలకతా మొగుడికి చెప్పింది. గుణశేఖర్ వెంటనే, "నాతోపాటు చదివిన చక్రధర్ ఉండాడు గదా, చిత్తూర్లో ట్యూషన్ చెప్పేది. వాడి దగ్గర రాళ్ళు గూడా పాసవతాయంట" అన్నాడు. ఆ ఆదివారమే బండి మీద పిలుచుకొని పోయినాడు.

చక్రధర్ సార్ ట్యూషన్ ఒక మిద్దె మీద. కింద టైలరంగడి, పైన రేకుల కొట్టం, నాలుగు బెంచీలు. ఆదివారం మధ్యాన్నం ఓపెన్ స్కూల్లో రాసేవాళ్ళకి చెప్తాడు. లోకేశ్వరి పోయి ఆఖరి బెంచీలో కూర్చునింది. ఆయన అందరి పేర్లూ అడిగి, ఎవురికి ఏది రాదో చెప్పమన్నాడు. లోకేశ్వరి లేచి, ఆనాటి బోర్డు కథ ఉన్నదున్నట్టు చెప్పింది. మళ్ళా నవ్వతారేమో అని చీర కొంగు పిడికిట్లో పట్టుకొని ఉండింది. చక్రధర్ నవ్వలేదు. ఆవుల మాటా అనలేదు. ఆ లెక్కనే బోర్డు మీద రాసినాడు.

"సూడమ్మా, రెండు కొబ్బరిచిప్పలూ మూడు నిమ్మకాయలూ కలిపి ఐదు ఏమంటావు? ఏమీ అనలేం. ముందు రెండింటినీ ఒకటే చెయ్యల్ల. రెండుకీ మూడుకీ క.సా.గు. ఎంత?"

"ఆరు సార్."

"ఆరుతో అన్నిటినీ గుణించు. కింద ఉండే హారాలు వాటంతట అవే పోతాయి."

లోకేశ్వరి చేసింది. ఎక్సు కింద రెండుని ఆరుతో గుణిస్తే మూడెక్సు. ఎక్సు కింద మూడుని గుణిస్తే రెండెక్సు. కలిపితే ఐదెక్సు. అవతల పది. ఎక్సు రెండని రాసింది. హారాలు పోయేసరికి ఆయమ్మకి పట్టరాని సంతోషం.

"ఆ పదిని ఎందుకు వదిలేసినావు?" అన్నాడు సార్.

"దానికి కింద ఏమీ లేదు గదా సార్."

"పంక్తిలో కూర్చున్నోళ్ళకి ఇద్దరికి పాయసం పోసి, మూడోవాడికి ఆకు చిన్నదని వదిలేస్తే వాడు లేచి పోడా? పది కూడా పంక్తిలోదే. దానికీ వడ్డించు."

పది అరవై అయింది. ఎక్సు పన్నెండయింది. "ఇప్పుడు ఇది రైటో తప్పో నన్ను అడగద్దు" అన్నాడు చక్రధర్. "పన్నెండుని తీసుకపోయి ఎక్సు ఉన్న చోట పెట్టు. పన్నెండులో సగం?"

"ఆరు."

"మూడో వంతు?"

"నాలుగు." ఆయమ్మ రెండూ కలిపి చూసుకునింది. "పది సార్. రెండు పక్కలా పదే."

"అంతే. సరిచూసుకోకుండా ఏ లెక్కా వదలద్దు. సరిపోయిందంటే ఇంక ఎవురొచ్చి తప్పన్నా అది తప్పు గాదు."

ఆ పొద్దు ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద లోకేశ్వరి కొంగుతో కళ్ళు తుడుచుకునింది. ఏమయిందని గుణశేఖర్ అడిగితే, "ఏమీ లేదు" అనింది. ఇన్నేండ్లు నవ్వుకున్న దానికి ఇప్పుడు ఏడుపెందుకు వస్తా ఉందో ఆయమ్మకే తెలియలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పోయింది. పోయేకొద్దీ లెక్కలు పెద్దవయినాయి. హారాల పైన ఒక్క ఎక్సు కాకుండా కూడికలూ తీసివేతలూ బ్రాకెట్లో వచ్చి కూర్చునేవి. బ్రాకెట్ ముందర మైనస్ ఉంటే లోపల గుర్తులన్నీ మారతాయనేది మాత్రం ఆయమ్మకి ఎన్ని సార్లు చెప్పినా జారిపోయేది. మొదటిదానికి మార్చేది, రెండోదాన్ని మర్చిపోయేది. చక్రధర్ విసుక్కోలేదు. "సరిచూడు" అనేవాడు అంతే. సరిచూస్తే రెండు పక్కలూ కలిసేవి కాదు. మళ్ళా మొదటి నించి వచ్చేది. పొయ్యి మీద పప్పు పెట్టి, పిలకాయల పలక తీసుకొని చేసుకునేది. పవిత్ర చూసి, "నాకంటే నువ్వే జాస్తి చదవతా ఉండావమ్మా" అనేది. గుణశేఖర్ మాత్రం మిద్దె కింద టైలరంగట్లో కూర్చొని, క్లాసు అయ్యేదాకా కాచుకొని ఉండేవాడు. మామిడి కాలం వచ్చినా ఆదివారం మధ్యాన్నం కిరాయి ఒప్పుకోలేదు. అట్లాంటి మొగుడు ఎవురికి దొరకతాడని ఊళ్ళో ఆడోళ్ళు అనుకునేవాళ్ళు. లోకేశ్వరీ అదే అనుకునింది.

పరీక్షలు చిత్తూర్లోనే ఒక బళ్ళో పెట్టినారు. లెక్కల పరీక్ష పొద్దు చక్రధర్ సార్ గేటు దగ్గర నిలబడి ఉండినాడు. ఆ బళ్ళో ఆయనకి తెలిసినవాళ్ళు చానామంది. లోకేశ్వరిని చూసి, "భయపడద్దమ్మా, అంతా బాగయితాది. నేనుండాను గదా" అన్నాడు. ఆ మాటకి ఆయమ్మకి ఎంత ధైర్యం వచ్చిందో.

పేపరు తిప్పగానే భిన్నాల లెక్క కనబడింది. ఎక్సు ప్లస్ ఒకటి, కింద రెండు. దాంట్లో నించి ఎక్సు మైనస్ రెండు, కింద మూడు, తీసెయ్యాల. అవతల రెండు. బ్రాకెట్ ముందర మైనస్ ఉండనే ఉండాది. మధ్యలో హాల్లో ఒకాయన తిరగతా జవాబులు చెప్పబట్టినాడు. ముందు బెంచీలవాళ్ళు గబగబా రాసుకుంటా ఉండారు. లోకేశ్వరి రెండు చెవుల మీదా చేతులు పెట్టుకొని కూర్చునింది. ఆరుతో అన్నిటికీ వడ్డించింది. మూడెక్సు ప్లస్ మూడు, మైనస్ రెండెక్సు. ఇంక ఆ నాలుగు. మైనస్ నాలుగు అని రాసి, ఆగింది. రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్. కొట్టేసి ప్లస్ నాలుగు రాసింది. ఎక్సు ఐదొచ్చింది. ఐదుని మళ్ళా పెట్టి చూసింది. ఆరులో సగం మూడు. మూడులో మూడో వంతు ఒకటి. మూడులో ఒకటి పోతే రెండు. అవతలా రెండే.

మిగతావాటిలో కొన్ని వచ్చినాయి, కొన్ని రాలేదు. రేఖాగణితం సగానికి సగం వదిలేసింది. అయినా బయటికి వచ్చేటప్పుడు ఆయమ్మ నడక వేరేగా ఉండాది. గుణశేఖర్ గేటు దగ్గర చక్రధర్‌తో మాట్లాడతా ఉండి, ఆయమ్మని చూసి మాట ఆపేసినాడు. "రాసినాను. నేనే రాసినాను" అనింది. "అదే కావాల్సింది" అన్నాడు మొగుడు.

ఫలితాలొచ్చినాయి. పవిత్ర ఫోన్‌లో చూసి అమ్మని ఎత్తుకున్నంత పని చేసింది. అన్నీ పాసు. లెక్కల్లో అయితే అన్నిటికంటే జాస్తి మార్కులు. లోకేశ్వరికి నమ్మకం కుదరలేదు. వదిలేసిన లెక్కలు వదిలేసినట్టే ఉండాయి గదా. దిద్దినవాళ్ళు దయగలోళ్ళేమో, ఎంత దూరం చేస్తే అంత వరకూ మార్కులేసినారేమో అనుకునింది. ఆ సాయంత్రమే గుణశేఖర్ తోట నించి బేనీషా మామిడిపండ్లు తెచ్చినాడు, సార్‌కి ఇచ్చేదానికి. గడ్డి పరిచి, ఒక్కొక్క పండూ తుడిచి, బుట్టలో పేర్చింది లోకేశ్వరే. నొక్కులు పడ్డవి ఇంటికి పెట్టుకొని, మంచివే అందులో పెట్టింది.

కృపారాణి దిగిపోయే నెల వచ్చింది. ఆ నెల్లోనే ఒక పొద్దున ఒక అమ్మాయి తన అక్క కొడుకుని అంగన్‌వాడీలో చేర్చేదానికి వచ్చింది. పేరు గ్రేసీ అంట. డిగ్రీ చదవతా ఉండాది, చిత్తూర్లో ట్యూషన్‌లో చిన్న తరగతులకి చెప్తాదంట. పిల్లోడు ఏడుస్తా ఉంటే లోకేశ్వరి ఎత్తుకొని సముదాయించింది. కృపారాణి లోపల్నించి, "లోకేశ్వరీ, ఆ బిడ్డకి రవంత పాలు పొయ్యి" అని కేకేసింది.

గ్రేసీ మొగం విప్పారింది. "అక్కా, మీరు గుణశేఖరన్న భార్య లోకేశ్వరేనా? చక్రధర్ సార్ దగ్గర పది రాసినారు గదా? మీ లెక్కల పేపర్ రాసింది నేనే."

లోకేశ్వరికి అర్థం కాలేదు. "నా పేపరా? నేను రాసినాను గదమ్మా."

"మీరు రాసినారులే అక్కా. పరీక్ష అయినాక కొందరివి తీసి పక్కన పెట్టినారు. కట్టలు కట్టకముందే సార్ మమ్మల్ని కూర్చోబెట్టి కొత్తవి రాయించినాడు. మీది నాకొచ్చింది. మార్కులు బాగొచ్చినాయా?" ఆ పిల్ల ఏదో ఉపకారం చేసినట్టే అడిగింది. ఆయమ్మకి ముందే తెలుసుననుకునింది, పాపం.

లోకేశ్వరి పిల్లోడిని చాప మీద దించింది. "నేను రాసింది ఏం చేసినారు?"

గ్రేసీకి అప్పుడు తెలిసింది, నోరు జారినానని. "అవన్నీ చించేసినారక్కా" అనింది మెల్లగా.

"చూసినారా, చించే ముందర?"

"నేను చూడలేదు. సార్ చూసినాడేమో నాకు తెలీదు."

ఆ మధ్యాన్నం పప్పు అడుగంటింది. కృపారాణికి వాసనొచ్చి పరిగెత్తుకొచ్చి దించింది. ఏమయింది తల్లీ అని అడిగితే లోకేశ్వరి ఒంట్లో బాగలేదని చెప్పి, బస్సెక్కి చిత్తూరు పోయింది.

చక్రధర్ సార్ ఒక్కడే ఉండినాడు. ఆయమ్మని చూసి కుర్చీ వేసినాడు. ఆయమ్మ కూర్చోలేదు.

"సార్, నా పేపరు చించేసినారంట."

ఆయన కుర్చీ మళ్ళా గోడకి జరిపినాడు. తర్వాత నెమ్మదిగానే, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పినాడు. "ఎవురు చెప్పినారు నీకు? సరే, తెలిసిపోయె. ఇది అందరూ చేసేదే అమ్మా. నీ మేలు కోసమే గదా. ఒక్క లెక్కల్లో తప్పితే ఉద్యోగం పోయేది. నీ వయసులో మళ్ళా మళ్ళా రాయగలవా?"

"నేను తప్పతానని మీకు ఎట్ల తెలిసింది?"

"రిస్కు ఎందుకని."

"నా పేపరు చూసినారా సార్?"

ఆయన చేతిలో సుద్దముక్క తీసి డబ్బాలో వేసినాడు.

"ఒక్క పుటయినా చూసినారా? మొదటి పుటలోనే భిన్నాల లెక్క ఉండె. బ్రాకెట్ ముందర మైనస్. ఈసారి మర్చిపోలేదు సార్. సరిచూసినాను గూడా. సరిచూడకుండా ఏదీ వదలద్దని మీరే గదా చెప్పింది. నాది ఎందుకు చూడలేదు మీరు?"

"యాడ టైముండె అమ్మా, ఒక్కొక్కటీ తిప్పి చూసేదానికి."

ఆనాటి అయ్యవారు ఆవుల్ని కాసుకోమని మొగం మీదే చెప్పినాడు. ఈయన పక్కన కూర్చోబెట్టుకొని, ఓపికగా చెప్పి, వస్తాది వస్తాదని ఆశ పెట్టి, లోపల మాత్రం రాదనే అనుకున్నాడు. మొదటి ఆదివారం నించే అట్ల అనుకున్నాడో, నడమ ఎప్పుడయినా నమ్మినాడో అడగాలని ఉండె గానీ, అడిగి ఏం లాభమని ఊరుకునింది. ఆయమ్మ మెట్లు దిగబోతా ఉంటే చక్రధర్ వెనక నించి అన్నాడు. "నా మీద కోపం పెట్టుకోవద్దమ్మా. నాకు నేనుగా చేసింది గాదు. గుణశేఖరే అడిగినాడు, ఎట్లనో గట్టెక్కించమని. స్నేహితుడు గదా, కాదనలేకపోతిని."

లోకేశ్వరి మెట్ల మీదే కూర్చుండిపోయింది. కింద టైలరు మిషన్ ఆపి పైకి చూసి, నీళ్ళు తెచ్చిచ్చినాడు. అతని అంగట్లోనే గదా గుణశేఖర్ ప్రతి ఆదివారం కాచుకొని ఉండింది. ఆయన కూర్చునే బెంచీ ఖాళీగా ఉండాది.

ఇంటికి వచ్చేసరికి గుణశేఖర్ లారీ కడగతా ఉండినాడు. చక్రధర్ ఫోన్ చేసి చెప్పేసినట్టుండాడు, పైపు కింద పెట్టి ఎదురొచ్చినాడు.

"ఏమ్మే, అంత దానికి చిత్తూరు పోతారా? పాసయితివి గదా. ఇంకేం కావాల?"

"నువ్వు ఎప్పుడు అడిగినావు ఆయప్పని?"

"పరీక్షలకి ముందర. నువ్వు పొయ్యికాడ పలక పెట్టుకొని తుడిచి తుడిచి రాస్తా ఉంటే చూడలేకపోయినా. తప్పితే ఏడుస్తావు, ఊళ్ళో నవ్వతారు. మళ్ళా ఒకసారి నువ్వు అట్ల కాకూడదని."

"పరీక్ష రాసి బయటికి వచ్చి, నేనే రాసినాను అంటిని. అదే కావాల్సింది అంటివి. అప్పటికి లోపల నా పేపరు ఉండాది గదా. పోయి, వద్దులే సార్, నా పెండ్లాం రాసిందంట అని ఒక్క మాట చెప్పలేకపోయినావా?"

గుణశేఖర్ పోయి నీళ్ళ పైపు కట్టేసి వచ్చి, "గొడవ చెయ్యద్దు" అన్నాడు. "బయటికి పొక్కితే నీది ఒక్కటే గాదు, అందరి పాసులూ పోతాయి. ఆ గ్రేసీ పిల్ల చదువు గూడా పోతాది."

"నేను ఎవురికీ చెప్పను" అనింది లోకేశ్వరి. అట్లనే ఎవురికీ చెప్పలేదు. కృపారాణికి గూడా చెప్పలేదు. అది ఆయమ్మకి ఇంకో బరువు. మంచి మార్కులొచ్చినాయంటగదా అని ఊళ్ళో ఎవురయినా మెచ్చుకుంటే, ఏదో పనుందని లోపలికి పోయేది.

టీచరు పోస్టుకి దరఖాస్తు పెట్టుకోమని కృపారాణి తొందర చేసింది. లోకేశ్వరి ఏదో ఒకటి చెప్పి దాటేస్తా వచ్చింది. కృపారాణి దిగిపోయినాక పక్కూరి టీచరే రెండు సెంటర్లూ చూసుకోబట్టింది. ఈ లోపల లోకేశ్వరి ఓపెన్ స్కూల్ ఫీజు కట్టే చోటికి పోయి, లెక్కలు మళ్ళా రాస్తాననింది. ఆడుండే గుమాస్తా మార్కులు చూసి, "ఇంత మంచి మార్కులు పెట్టుకొని మళ్ళా ఎందుకమ్మా?" అన్నాడు.

"పెంచుకునేదానికి" అనింది. అబద్ధం చెప్పేటప్పుడు మొగం ఎట్ల పెట్టుకోవాలో ఆయమ్మకి తెలియలేదు. ఆయన అదేమీ చూడలేదు, కట్టించుకున్నాడు. సెంటరు మాత్రం చిత్తూరు వద్దు, తిరుపతి వెయ్యమనింది.

ఈసారి ట్యూషన్ లేదు. రేఖాగణితం పవిత్రని అడిగి నేర్చుకునింది. పరీక్ష పొద్దు గుణశేఖర్ బండి తీస్తే వద్దని, తెల్లారి బస్సుకే ఒక్కతే తిరుపతి పోయింది. గంట కొట్టగానే పేపరు తిప్పి, వచ్చినవి రాసి, ఒక్కొక్కటీ సరిచూసుకునింది. ఫలితమొచ్చినప్పుడు ఆయమ్మే ఫోన్‌లో చూసుకునింది. పాసు మార్కుల కంటే రవంత పైన. ఆ పాత మార్కుల్లో సగం గూడా లేవు.

ఆ మార్కులున్న మెమో తీసుకునేదానికి పోతే గుమాస్తా జాలిగా చెప్పినాడు. "తగ్గిపోయినాయి గదమ్మా. ఏం బాధపడద్దు, రెండింట్లో ఏవి జాస్తయితే అవే నిలబడతాయి. నీ పాత మెమో అట్లనే చెల్లతాది."

"నాకు కొత్తది కావాల సార్, తక్కువయినా."

"తక్కువ మార్కులకి మెమో ఎవురిస్తారమ్మా?" అని ఆయన నవ్వినాడు.

చేసేదేమీ లేక వచ్చేసింది. ఆమె రాసినవాటికి కాగితం లేదు, ఆమె రాయని వాటికి ఉండాది. ఆ కాగితంతోనే దరఖాస్తు పెట్టింది. పక్కూరి టీచరు నా వల్ల కాదని గొడవ చేస్తా ఉండింది, పిలకాయలు సగం మంది రావడం మానేసినారు. పోస్టు వచ్చింది. ఆఫీసులో మేడం మెమో చూసి, "లెక్కల్లో గట్టిదానివే" అనింది. లోకేశ్వరి తల వంచుకొని సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆయమ్మ ఎగువకండ్రిగ అంగన్‌వాడీ టీచరు. పని బాగా చేస్తాదని పేరు. చక్రధర్ సార్ ఒకసారి చిత్తూరు బస్టాండులో ఎదురయి, "బాగుండావా అమ్మా?" అని పలకరించినాడు. "బాగుండాను సార్" అని బస్సెక్కేసింది. అంతకు మించి ఆయన మీద చెడ్డగా ఎవురి దగ్గరా మాట్లాడలేదు. హారాలు పోగొట్టేది నేర్పించింది ఆయనే అనే మాట కాదనేది లేదు గదా. దాన్ని మర్చిపోలేకే ఆయమ్మకి జాస్తి నొప్పి.

మొగుడితో మాత్రం రోజూ మాట్లాడాల. మాట్లాడతాది, వండి పెడతాది, లారీ కిరాయి ఎట్ల పోయిందని అడగతాది. గుణశేఖర్ రెండు మూడు సార్లు తప్పయిందన్నాడు. "నీ మేలు కోరే చేసినా గదమ్మే" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన మేలు కోరినాడని ఆయమ్మకీ తెలుసు. కానీ ఏదన్నా చెప్పబోయే ముందు ఆయన మొగం ఒకసారి చూసి, కొంచెం మింగి, మిగిలింది చెప్పే అలవాటు వచ్చేసింది.

పోయిన నెలలో పవిత్ర నోరు జారింది, అమ్మ ఇంటర్‌కి కట్టిందని. లోకేశ్వరి మొగుడికి చెప్పకుండానే తిరుపతి పోయి కట్టి వచ్చింది. గుణశేఖర్ అన్నం ముందర కూర్చొని, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకొని అడిగినాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరికే ఉండలేవు గదా" అనింది లోకేశ్వరి. కోపంగా అనలేదు. ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వేసి, నీళ్ళ చెంబు దగ్గరికి జరిపి, లోపలికి పోయింది.